ఇంగ్లండ్‌లోని డెవన్‌లో గడ్డి కప్పు పాతిల్లు అమ్మకానికి ఉంది: కొనొచ్చా, ఫొటో దిగి వచ్చేయాలా?

ఎక్సెటర్_కొత్త
అందరికీ నమస్కారం. ఎక్సెటర్ నుంచి కారులో ముప్పావుగంట దూరంలో, ఒక పల్లెలో ఇల్లు చూసొచ్చాం. 17వ శతాబ్దపుదట. మట్టి గోడలు, గడ్డి కప్పు, గ్రేడ్ 2 లిస్టెడ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉన్నది. 5 లక్షల పౌండ్లు అడుగుతున్నారు. మా ఆవిడ గుమ్మంలో తల వంచి లోపలికి వెళ్లింది, బయటికొచ్చేసరికి ఆ ఇల్లు తనదే అన్నట్టు మాట్లాడుతోంది. నాకేమో ఒకటే టెన్షన్. ఆఫీసులో అడిగితే సగం మంది అదృష్టం అన్నారు, సగం మంది నన్ను జాలిగా చూశారు. నా భయాలు రెండు: నిప్పు, కప్పు మార్చే ఖర్చు. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

లెక్కల_మాస్టారు
వద్దు తమ్ముడూ. స్టాంప్ డ్యూటీ సంగతి వదిలెయ్, మొదటి ఇల్లయితే 10,000, పాతది అమ్మి కొంటుంటే 15,000, అది ఏ ఇంటికైనా ఉండేదే. అసలు లెక్క కప్పుది. నడికొప్పు, అంటే రెండు వాలులూ కలిసే పై అంచు, 10-15 ఏళ్లకోసారి మార్చాలి. కింది కప్పు గోధుమ గడ్డిదైతే పాతిక, ముప్పై ఏళ్లు. చెట్ల నీడ పడి నాచు పడితే అంతకూడా రాదు. రిపేరు మీద 20 శాతం వ్యాట్ కట్టాలి. లిస్టెడ్ ఇళ్లలో అనుమతి తీసుకుని చేసే మార్పులకు ఒకప్పుడు వ్యాట్ ఉండేది కాదు, 2012 అక్టోబరులో అదీ తీసేశారు. ఇంటిని ఇలాగే కాపాడాలని చట్టం పెట్టేదీ, కాపాడినందుకు పన్ను వేసేదీ ఒకే ప్రభుత్వం!

డోర్సెట్_కోడలు
మాస్టారూ, స్లేటు కప్పు మాత్రం తాతల నాటి నుంచి అలాగే ఉంటుందా? మేం గడ్డి కప్పు కింద పదకొండేళ్లుగా ఉంటున్నాం. మందం అడుగు పైనే. ఎండాకాలం పై గదిలో ఫ్యాన్ అక్కర్లేదు, గాలివాన వచ్చినా చప్పుడు వినపడదు. కప్పు వాలు 50 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి నీళ్లు పై పై పొరలోనే జారి చూరు నుంచి పడిపోతాయి, లోపల గడ్డి పొడిగానే ఉంటుంది. "కారదా?" అని వచ్చిన చుట్టాలందరూ అడుగుతారు. కారలేదు.

నా దృష్టిలో అసలు ప్రమాదం గోడలకి. డెవన్ మట్టి గోడని కాబ్ అంటారు. దానికి మంచి బూట్లూ మంచి టోపీ ఉంటే చాలని అక్కడి సామెత, అంటే కింద రాతి పునాది, పైన చూరు. చాలా ఇళ్లకి మధ్యలో ఎవరో ఒకరు బాగుచేస్తున్నాననుకుని సిమెంటు పూసేస్తారు. తేమ బయటికి పోలేక లోపల మట్టి మెత్తబడుతుంది. సున్నం పూతే ఉండాలి. వెళ్లినప్పుడు గోడని వేలితో కొట్టి చూడండి.

ఎక్సెటర్_కొత్త
థాంక్సండీ. నిప్పు సంగతి?

చిమ్నీ_పిచ్చోడు
ఇక్కడ నేను మాట్లాడాలి. జనం అనుకునేదానికీ జరిగేదానికీ తేడా ఉంది. టపాకాయ పడి కప్పు కాలిపోతుందని భయపడతారు, కానీ ఎక్కువగా అనుమానించాల్సింది ఇంట్లోని కట్టెల స్టవ్వునే. పొయ్యి అంటించడానికి అట్టలూ కాగితాలూ వేస్తే నిప్పురవ్వలు గొట్టం గుండా ఎగిరి పైన గడ్డిలో పడతాయి. పాత తెరిచిన పొయ్యి కన్నా ఈ స్టవ్వుల్లోనే పొగ వేడిగా, వేగంగా పైకి పోతుంది. చిమ్నీ మూతికి జాలీ బిగిస్తే సరిపోతుందని ఒకప్పుడు అనేవాళ్లు. దానికి మసి పట్టి, అదే అంటుకునే అవకాశం ఉందని ఇప్పుడు వద్దంటున్నారు.

ఒకసారి అంటుకుందా, ఇక పెద్ద తలనొప్పి. నీళ్లు లోపలికి దిగకుండా ఉండటమే కదా ఆ కప్పు గొప్పతనం, ఫైరింజన్ నీళ్లు కూడా అలాగే జారిపోతాయి. మంట కన్నా ముందుకెళ్లి గడ్డిని కొక్కేలతో పీకి పారేయడమే వాళ్లు చేయగలిగేది. అందుకే చిమ్నీ మూతి నడికొప్పు కన్నా 1.8 మీటర్లు పైన ఉండాలంటారు. ఏడాదికి రెండుసార్లు మసి దులిపించాలి, కట్టెలు బాగా ఎండినవే వాడాలి. స్టవ్వు లేకుండా బతకగలిగితే మీ భయంలో చాలా భాగం అక్కడే పోతుంది. బీమా మాత్రం ఇలాంటి ఇళ్లు తెలిసిన కంపెనీ దగ్గరే తీసుకోండి.

పక్కమాట: లండన్‌లో 1212 అగ్నిప్రమాదం తర్వాత గడ్డి కప్పులు నిషేధించారు. మళ్లీ 1997లో తెరిచిన షేక్‌స్పియర్ నాటకాల గ్లోబ్ థియేటర్‌కే, నీళ్లు చిమ్మే ఏర్పాటుతో, ప్రత్యేక అనుమతి వచ్చింది.

నా_ఇల్లు_నా_ఇష్టం
ఇవన్నీ సరే, అసలు దోపిడీ ఎవరూ చెప్పట్లేదు. వాటర్ రీడ్ అని చిత్తడి నేలల్లో పెరిగే రెల్లులాంటిది ఉంది, గోధుమ గడ్డి కన్నా ఎక్కువ ఏళ్లు వస్తుంది. అది వేసుకుంటానంటే లిస్టెడ్ ఇంటికి కౌన్సిల్ ఒప్పుకోదు, ఇక్కడ గోధుమ గడ్డే సంప్రదాయం అంటుంది. డబ్బు నాది, వానకి తడిసేది నేను, గడ్డి ఎంచేది మాత్రం ఆఫీసులో కూర్చున్న మనిషి. రోడ్డు మీద పోయేవాళ్లలో ఎంతమందికి ఆ తేడా తెలుస్తుంది?

డోర్సెట్_కోడలు
పైకి తెలియకపోవచ్చు. మా వైపు వాడే కోమ్డ్ వీట్ రీడ్ కూడా మొదళ్లు బయటికి పెట్టి నేస్తారు కాబట్టి రీడ్ లాగే కనిపిస్తుంది. పేరులో రీడ్ ఉన్నా గోధుమ గడ్డే. కానీ తేడా లోపల ఉందండీ. గోధుమ గడ్డి కప్పులో పాడైన పై పొర తీసేసి, మిగిలినదాని మీదే కొత్త పొరని హేజల్ చెట్టు పుల్లలతో గుచ్చుతారు. అడుగు పొర కదలదు. డెవన్‌లో కొన్ని ఇళ్లలో అడుగున మధ్యయుగాల గడ్డి అలాగే ఉంది, చిమ్నీలు లేని రోజుల్లో నట్టింటి పొయ్యి పొగకి నల్లబడిపోయింది. అప్పటి రైతులు ఏ గోధుమ, ఏ రై (గోధుమలాంటి ధాన్యం) పండించారో, పొలంలో ఏ కలుపు మొలిచేదో ఆ మసిగడ్డి చూసి చెబుతున్నారు. వాటర్ రీడ్ మామూలుగా నేరుగా చెక్కబద్దలకి బిగిస్తారు, అంటే కింద ఉన్నదంతా పీకేయాలి. అయిదారు వందల ఏళ్ల గడ్డి చెత్తబండిలోకి పోతుంది. మీరు ముప్పై ఏళ్లు ఉండి వెళ్లిపోతారు కదా.

నా_ఇల్లు_నా_ఇష్టం
అంత విలువైనదైతే ఖర్చులో వాటా ఇమ్మనండి. మ్యూజియం కాపలావాడికి కూడా జీతం ఇస్తారు.

లెక్కల_మాస్టారు
ఈ ఒక్క మాటకి నా ఓటు. ఇంకోటి, ఆ గోధుమ గడ్డి దొరకడమూ కష్టమే. ఇప్పటి గోధుమ రకాలు పొట్టివి, పైగా కంబైన్ హార్వెస్టర్ గడ్డిని నలిపేస్తుంది. కప్పు కోసం మారిస్ విడ్జన్ లాంటి పొడవాటి పాత రకాలు వేసి, కోసి కట్టలు కట్టే పాత బైండర్ యంత్రాలతో కోస్తారు. కోతల టైములో వాన పడిందంటే ఆ ఏడు కొరతే.

ఎక్సెటర్_కొత్త
ఏజెంట్ నుంచి వివరాలు వచ్చాయి. ముందు వైపు గోధుమ గడ్డి, నడికొప్పు 2016లో మార్చారు. వెనక వాలు మాత్రం 2003లో వాటర్ రీడ్‌తో వేశారట! దానికి కౌన్సిల్ అనుమతి కాగితం అడిగితే "వెతుకుతున్నాం" అంటున్నారు. సెప్టిక్ ట్యాంకు నీళ్లు వాగులోకి పోతున్నట్టు కూడా ఉంది. ఆ కప్పు వేసి ఇరవై ఏళ్లు దాటింది కదా, పాతబడ్డ సంగతి అని వదిలేయొచ్చా?

చిమ్నీ_పిచ్చోడు
ట్యాంకు సంగతి తేలిక: సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేరుగా వాగులోకి వదలడం 2020 నుంచి కుదరదు. మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి.

డోర్సెట్_కోడలు
కప్పు సంగతి మాత్రం వదలొద్దు. 1990 చట్టం ప్రకారం లిస్టెడ్ ఇంటి రూపం మారేలా అనుమతి లేకుండా పని చేయడం నేరం. ఆ నేరం చేసినవాళ్లదే. కానీ సరిచేయమని కౌన్సిల్ ఇచ్చే నోటీసు ఇప్పుడు ఇల్లు ఎవరిదైతే వాళ్లకి వస్తుంది, దానికి కాలపరిమితి లేదు. మామూలు ఇళ్లకున్న "ఇన్నేళ్లు దాటితే మాఫీ" ఇక్కడ వర్తించదు.

అమ్మేవాళ్ల లాయరు ఇండెమ్నిటీ పాలసీ, అంటే ఇలాంటి లోపాల వల్ల వచ్చే నష్టానికి బీమా, ఇస్తామంటాడు, చూడండి. అది డబ్బు నష్టానికి కొంత పనికొస్తుంది గానీ, చేసిన పనిని చట్టబద్ధం చేయదు. ఇంకో తిరకాసు ఏంటంటే, మీరు తొందరపడి కౌన్సిల్‌కి ఫోన్ చేశారంటే ఆ పాలసీ దొరక్కపోవచ్చు. అందుకే ముందు మీ లాయరుతో మాట్లాడండి. అమ్మేవాళ్లనే కౌన్సిల్ అనుమతికి అప్లై చేయమనడం అన్నిటికన్నా మంచిది. ఆలస్యం అవుతుంది, అవనివ్వండి.

నా_ఇల్లు_నా_ఇష్టం
చూశారా? 2003లో వేసిన రీడ్ ఇప్పటికీ బాగానే ఉండుంటుంది. అదే ఇప్పుడు తప్పయింది.

లెక్కల_మాస్టారు
బాగుందో లేదో ముందు చూడనీ. తమ్ముడూ, బ్యాంకు వాళ్ల వాల్యుయేషన్ చూసి సర్వే అయిపోయిందనుకోకు. ఆర్ఐసీఎస్ (సర్వేయర్ల సంఘం) లెవెల్ 3 సర్వే, అంటే అన్నిటికన్నా వివరమైనది, చేయించు, కప్పు కోసం విడిగా ఒక థాచర్‌ని, అంటే గడ్డి కప్పు నేసేవాణ్ణి, తీసుకెళ్లు. అటక ఎక్కి లోపలి నుంచి చూడమను.

ఎక్సెటర్_కొత్త
సరే. లాయరుకి మెయిల్ పెట్టాను. శనివారం థాచర్ వస్తానన్నాడు, అటకలో నల్లగడ్డి ఉందేమో కూడా చూడమన్నాను. స్టవ్వు వాడకూడదని ఇంట్లో చెప్పాను, అలిగింది. కాసేపటికి వచ్చి ఆ స్టవ్వు ముందు వేయడానికి రగ్గు ఏ రంగుదైతే బాగుంటుందని అడిగింది.