అప్‌డేట్: గుడారం దొరికింది, తుపాకీ గుండే పేలలేదు

పోయిన నెల అడిగాను కదా, ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో జరిగే మజిల్‌లోడర్ (గొట్టం మూతిలోంచి మందు, గుండు నింపే తుపాకీ) షూటింగ్ క్యాంపుకి నైలాన్ టెంట్ తీసుకెళ్లొచ్చా అని. వద్దన్నవాళ్లే కరెక్ట్. పాతకాలపు క్యాంపులో అన్నీ 1840కి ముందువిలాగే కనిపించాలి. కొలీగ్ దగ్గర కాన్వాస్ గుడారం అడిగి తెచ్చుకున్నాం, ఐస్ పెట్టె మీద దుప్పటి కప్పేశాం.

తుపాకీ కూడా అతనిదే. తుపాకీమందు దాచుకునే కొమ్ములోంచి మందు నేరుగా గొట్టంలో పోయనివ్వరు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే కొమ్మే పేలిపోతుంది. ముందు కొలత గిన్నెలోకి, అక్కణ్ణుంచి గొట్టంలోకి. ఆపైన తడి గుడ్డముక్కలో సీసపు గుండు పెట్టి కడ్డీతో అడుగుదాకా దించాలి.

నేనేమో కబుర్లలో పడి మందు పోయకుండానే గుండు దించేశాను! చెకుముకి టక్కుమంది, గొట్టం పక్కన చిన్న పళ్లెంలో మందు భగ్గుమంది, అంతే. పక్కనున్న పెద్దాయన నవ్వుతూ కడ్డీ చివర స్క్రూ బిగించి గుండు బయటికి లాగిచ్చాడు. అందరికీ ఎప్పుడో ఒకసారి జరిగేదేనట. టెన్షన్ తగ్గాక ఐదు పేల్చాను, ఒకటి తగిలింది.

చొక్కా ఇంకా దీపావళి మర్నాడు వీధిలా వాసనొస్తోంది. మా ఆవిడ దాన్ని వాషింగ్ మెషిన్ దగ్గరికి రానివ్వట్లేదు.