పాత బాణీలో కొత్త ప్రేమపాట: సొంత గొంతా, అరువు గొంతా?

కాలువగట్టు, అమలాపురం:
మా మేనకోడలు రెండు నెలలుగా ఒకే ఆల్బం వింటోంది. ఐస్‌లాండ్ గాయని లేవే చేసిన ‘ఎ మ్యాటర్ ఆఫ్ టైమ్’. 2025 ఆగస్టు 22న వచ్చింది, ఆమెకు మూడోది. పాటలు రాసేదీ పాడేదీ తనే. వయొలిన్ల మీద జాలువారే మెత్తని గొంతు, 1950ల నాటి జాజ్ పోకడ, నిండా ప్రేమ. కూర్చుని మొత్తం విన్నాను, హాయిగానే ఉంది. కానీ 1999లో పుట్టిన మనిషి తాతల కాలపు పాట ఎందుకు పాడాలి? పాతదాని మీద మనకున్న బెంగను సొమ్ము చేసుకోవడమే ఇదని నా అభిప్రాయం. మీరేమంటారు?

రేవు మెట్టు, పాలకొల్లు:
కాలువగట్టు గారితో ఏకీభవిస్తున్నాను. మా నాన్నగారు రేడియోలో విన్న పాటల్లో ఆ కాలపు గాలి ఉండేది. ఇందులో అత్తరు ఉంది, గాలి లేదు.

హార్మోనియం, నిడదవోలు:
నేను ఒప్పుకోను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు సంగీతం చెబుతున్నవాడిని. ఆ మెత్తదనం 1950ల సొత్తు కాదు, మైకు ఇచ్చిన వరం. మన ఊళ్లలో పద్యనాటకం ఆడితే పందిరి చివర కూర్చున్నవాడికీ వినపడాలి కాబట్టి నటుడు గొంతెత్తి రాగం తీసేవాడు. ప్రియురాలి చెవిలో చెప్పే మాటను ఆ గొంతుతో పాడలేం. మైకు వచ్చాక, 1920ల నుంచి, అమెరికా గాయకులు గుసగుసను పాటగా మలచుకున్నారు. మన దగ్గర ఆ పని రేడియో చేసింది. 1920లో మా ఊళ్లోనే పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో మద్రాసు రేడియోలో చేరారు. తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడి లలితగీతాన్ని నిలబెట్టినవారిలో ఆయన ఒకరు. ఈనాడు ఎవరైనా లలితగీతం కడితే రజని గారి కాలాన్ని దొంగిలించారంటామా?

లేవే తల్లి చైనాకు చెందిన వయొలిన్ కళాకారిణి. ఈ అమ్మాయి చిన్నప్పుడే చెల్లో (వయొలిన్ జాతికే చెందిన పెద్ద వాద్యం), పియానో నేర్చుకుంది. పదిహేనేళ్లకే ఐస్‌లాండ్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చెల్లో వాయించింది. ఇంట్లో పెరిగిన సంగీతాన్నే పాటలోకి తెచ్చుకుంటే దాన్ని వేషం అనడం నాకు బాధగా ఉంది.

కాలువగట్టు, అమలాపురం:
మైకు సంగతి నాకు తట్టలేదు మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. కానీ కృష్ణశాస్త్రి గారి పాటలో బాధ ఉంటే అది గుచ్చుకుంటుంది. ఇక్కడ గుండె పగిలినా వయొలిన్లు తేనె పోస్తూనే ఉన్నాయి. విఫలమైన ప్రేమ కూడా అంత ముద్దుగా ఉంటే నమ్మేదెలా?

లేసు అల్లిక, నరసాపురం:
అయితే మీరు చివరి పాటను మనసుపెట్టి వినలేదు. ‘సాబొటాజ్’. తన ప్రేమను తన అనుమానంతోనే పాడుచేసుకునే మనిషి గోడు అది. నెమ్మదిగా మొదలవుతుంది. ఉన్నట్టుండి వాద్యబృందమంతా అపశ్రుతిలో విరుచుకుపడుతుంది. మొదటిసారి విన్నప్పుడు నా చేతిలో అల్లిక జారిపోయింది. ఆ పగులు చూపించడానికే అంతసేపూ అంత నునుపు చేసిందని అప్పుడు అర్థమైంది. ‘స్నో వైట్’ సంగతి చూడండి. అద్దంలో తన రూపం చాలదనుకునే ఆడపిల్ల పాట. రోజంతా ఫోను తెరలో మొహం చూసుకునే మా అమ్మాయి బాధ అదే.

ఇంకో మాట. మా లేసు పని 19వ శతాబ్దంలో విదేశీ మిషనరీలు నేర్పింది. మా నాయనమ్మ అల్లింది, మా అమ్మ అల్లింది, నేను అల్లుతున్నాను. ఇప్పుడది నరసాపురం లేసు. అరువు పని అని నన్ను ఎవరూ అనలేదు.

రేవు మెట్టు, పాలకొల్లు:
‘సాబొటాజ్’ ఇప్పుడే విన్నాను. అత్తరు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కాలువగట్టు, అమలాపురం:
నేనూ మళ్లీ విన్నాను, రెండుసార్లు. మీరు చెప్పింది నిజమమ్మా, ఆ అపశ్రుతి ఆమె సొంతం. కానీ మధ్యలో వచ్చే వాద్య ఖండికను తీసేస్తే ఇందులో పదమూడు పాటలు ఉన్నాయి. అంత ధైర్యాన్ని చివరిదాకా ఎందుకు దాచుకుంది? ‘లవర్ గర్ల్’ బోసా నోవా నడకలో సాగుతుంది. 1950ల చివర బ్రెజిల్‌లో పుట్టిన ఆ నడకకు ఈమె కొత్తగా కలిపింది ఏమిటో నాకు ఇంకా వినపడలేదు. ఎవరికైనా వినపడితే చెప్పండి, మళ్లీ వింటాను.

హార్మోనియం, నిడదవోలు:
ఆ పాట విషయంలో మీదే పైచేయి, నాకూ ఏమీ వినపడలేదు. కానీ ‘ఫర్గెట్ మీ నాట్’ వినండి. పుట్టిన నేలను విడిచి వెళ్లిన మనిషి, తనను మరచిపోవద్దని ఆ నేలను అడుగుతుంది. ఇంగ్లీషులో పాడుతూ పాడుతూ తన ఐస్‌లాండిక్ భాషలోకి వెళ్లిపోతుంది. నాకు అందులో ఒక్క ముక్క రాదు. మా అబ్బాయి ఊరు విడిచి ఆరేళ్లయింది. ఆ చోటు రాగానే వెనక్కి జరిపి మళ్లీ పెట్టుకుంటున్నాను.