తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడు ద్రోహేనా?

ఈ మాటకి అసలు అర్థం దొంగతనానికి దారి చూసుకోవడమా, లోపాలు ఎంచడమా అని పొద్దున ఒకరు అడిగారు కదా. వాడుకలో నమ్మకద్రోహమే. కానీ మా శ్రీకాకుళం వైపు తాటాకు ఇళ్లలో అన్నం తిని నులకమంచం మీద వెల్లకిలా పడుకుంటే కంటికి కనబడేవే వాసాలు, ఇంకేటి లెక్కపెడతాం!

ఈ సామెత నాకు చిన్నప్పటి నుంచి గుచ్చుకుంటూనే ఉంది. మా నాన్న పాలకొండ వైపు ఒక ధాన్యం కొట్లో పదకొండేళ్లు గుమస్తా. ఒక పంటకి, బస్తాకి రెండు కిలోలే తరుగు అని రైతుతో చెప్పి చిట్టాలో ఐదు కిలోలు రాయమన్నారట. ఒకరోజు రాశాడు, రెండోరోజూ రాశాడు, మూడోరోజు కాటా దగ్గరే రైతులకు చెప్పేశాడు. షావుకారు అరవలేదట, మెల్లగా "నా తిండి తిని నా ఇంటి వాసాలే లెక్కెడతావేటి" అన్నాడట. ఊళ్లోనూ అదే మాట. పని పోయింది, ఆ ఏడంతా మా అమ్మకి టెన్షన్.

ఉప్పు తిన్న విశ్వాసం, స్వామిద్రోహం, ఇంటిగుట్టు లంకకు చేటు, ఇవన్నీ యజమాని అరుగు మీద పుట్టిన మాటల్లా ఉంటాయి నాకు. రామాయణం విభీషణుణ్ణి ధర్మాత్ముడంటుంది, మన సామెత మాత్రం లంక చేటంతా ఆయన నెత్తినే పెడుతుంది, సీతను ఎత్తుకొచ్చినవాడి ఊసే లేదు! కుంభకర్ణుడూ రావణుడిది తప్పే అన్నాడు, కాకపోతే ఆ మాట అని యుద్ధానికి వెళ్లాడు కాబట్టి మంచి తమ్ముడైపోయాడు. సుమతీ శతకంలో "అడిగిన జీతంబియ్యని" పద్యం దొరను వదిలి మడి దున్నుకోమంటుంది, నిజమే, అక్కడా పేచీ జీతం దగ్గరే. జీతం సరిగ్గా ఇచ్చి తప్పుడు లెక్క రాయించే దొర ఆ పద్యంలో లేడు.

— మాస్టారూ, భీష్ముడంతటివాడే కౌరవుల సొమ్ముకు కట్టుబడ్డానని ధర్మరాజుతో ఒప్పుకున్నాడు. మీ నాన్నగారు ముందు షావుకారుకే చెప్పి ఉండాల్సింది కదండీ, నలుగురిలో పరువు తీసే బదులు?

— చెప్పాడండి, రెండోరోజు రాత్రి ఇంటికెళ్లి మరీ చెప్పాడు, అది రాయడం మరిచాను. విభీషణుడూ ముందు అన్నకే చెప్పాడు. వాసానికి చెద పట్టిందని ఇంటాయనకు చెప్పాక, ఆయన వినకపోతే ఆ కప్పు కింద పడుకున్నవాళ్లకు చెప్పొద్దా? భీష్ముడు ఒప్పుకున్న మాట నాకు గొప్పగా కాదు, జాలిగా అనిపిస్తుంది.

సరే, నా ప్రశ్న ఒకటి: నౌకరు చేస్తే స్వామిద్రోహం. యజమాని నౌకరుకు చేసే ద్రోహానికి ఇలాంటి ఒక్క మాట వాడుకలో ఉందా? విజయనగరం వైపు పెద్దవాళ్ల నోట విన్నవాళ్లుంటే రాయండి.