పప్పు ఉడికితే మంచినీళ్లేనా? ఆర్వో ప్లాంట్ పెట్టాలా, పాత బావి తోడించాలా?

రాజురా ఆడపడుచు:
మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో చిన్న ఊరు. సగం మందిమి తెలుగువాళ్లమే. బడి దగ్గర బోరింగులో ఫ్లోరైడ్ ఎక్కువుందని దానికి ఎర్ర రంగు వేసి వెళ్లారు. అయినా అందరూ ఆ నీళ్లే పడుతున్నారు. గ్రామసభలో ఇప్పుడు రెండు వాదనలు నడుస్తున్నాయి. ఆర్వో ప్లాంట్ పెడదామని కొందరు, పూడిపోయిన పాత చేదబావి తోడించి పైపు వేద్దామని కొందరు. మీరైతే దేనికి చెయ్యెత్తుతారు?

గడ్‌చాందూర్ తమ్ముడు:
అక్కా, ఆలోచించేదేముంది, ఆర్వోనే. మేం రెండేళ్లుగా క్యాన్ నీళ్లే తాగుతున్నాం. ప్లాంట్ అతను మీటర్ ముంచి చూపిస్తాడు, టీడీఎస్ 60 దాటదు. మా బోరు నీళ్లలో ముంచితే 700. ఇంకేం రుజువు కావాలి? మా అమ్మకి మోకాళ్లు పట్టేశాయి. బావి తోడేదాకా ఎవరు ఆగుతారు?

కిన్వట్ మాస్టారు:
తమ్ముడూ, అమ్మ గురించి నీ బాధ అర్థమైంది. కానీ ఆ మీటర్‌ని నమ్మి ఊరి నిర్ణయం చేయకండి. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి అది ఒక్క అంకె చూపిస్తుంది, అదే టీడీఎస్. ఏది ఎంతుందో చెప్పదు. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. టీడీఎస్ అయితే 500. ఇప్పుడు టీడీఎస్ 400 ఉన్న బోరులో ఫ్లోరైడ్ 3 ఉందనుకో. మీటర్ లెక్కన అవి మంచినీళ్లే. ఆ నీళ్లు తాగి పెరిగే పిల్లల పళ్లు మాత్రం గారకడతాయి. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. క్రిముల సంగతి ఆ మీటర్‌కి అసలు తెలియదు.

మన ఇళ్లల్లో ఇంకో పరీక్ష ఉంది. పప్పు మెత్తగా ఉడికి, సబ్బు నురగ బాగా వస్తే తియ్యటి నీళ్లంటాం. అది కాల్షియం, మెగ్నీషియం తక్కువని చెప్పే పరీక్ష, అంతే. రాతిలోని ఫ్లోరైడ్ కాల్షియం ఎక్కువున్న నీళ్లలో అంతగా కరగదు, తక్కువున్న నీళ్లలో బాగా కరుగుతుంది. అందుకే పప్పు చక్కగా ఉడికే బోరు నీళ్లలోనే కొన్నిచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. మీ చంద్రపూర్‌లో, మా పక్క యవత్మాళ్‌లో ఇది ఎప్పటినుంచో ఉన్న బాధే. మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

ఆర్వో ఫ్లోరైడ్‌ని తీస్తుంది, కాదనను. లోపలి వడపోత పొర బాగున్నంత కాలమే. తోడిన నీళ్లలో చాలా భాగం వృథాగా పోతుంది, తీసిన ఫ్లోరైడంతా ఆ వృథా నీళ్లలోనే ఉంటుంది. బోరు పక్కనే వదిలితే మళ్లీ భూమిలోకే దిగుతుంది. బావిలో ఊరేది భూమి పైపొరల నీళ్లు, వాటిలో ఫ్లోరైడ్ తరచూ తక్కువ కాబట్టి నేను బావికే చెయ్యెత్తుతాను.

గడ్‌చాందూర్ తమ్ముడు:
మాస్టారూ, మీటర్ సంగతి ఇవాళే తెలిసింది. కానీ పోయిన వానాకాలం మా మేనమామ ఊళ్లో చేదబావి నీళ్లు తాగే అందరికీ వాంతులు, విరేచనాలు. పసిపిల్లలకి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. దానికేమంటారు?

కిన్వట్ మాస్టారు:
నిజం. ఆ మాట నేను ముందే రాయాల్సింది. బావికి ఎత్తైన గట్టు, మూత ఉండాలి. పేడదిబ్బలు దూరంగా ఉండాలి. బ్లీచింగ్ కలిపాక చివరి కుళాయిలో కూడా క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. పేడ, ఎరువుల నుంచి నీళ్లలోకి దిగే నైట్రేట్ మాత్రం క్లోరిన్‌తో పోదు. అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లతో పసిపిల్లలకి డబ్బాపాలు కలపకూడదు. కాబట్టి ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములు మూడూ పరీక్ష చేయించండి, ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. బావిలోనూ ఫ్లోరైడ్ ఎక్కువుంటే నేను తమ్ముడి పక్షమే. తాగడానికి, వంటకి ఆర్వో పెట్టుకోండి. పొర మార్చే ఖర్చు ఎవరిదో ముందే తీర్మానంలో రాయించండి.

రాజురా ఆడపడుచు:
ఆ బావి నీళ్లు ఇంతవరకూ ఎవరూ పరీక్షకి పంపలేదు. ఫలితం వచ్చేదాకా తీర్మానం ఆపమని అడుగుతాను. బోరింగు నీళ్లు బట్టలకీ గిన్నెలకీ మాత్రమే వాడమని ఈలోపు ఇంటింటికీ చెప్తాను. కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్తే సరిపోతుందా?

కిన్వట్ మాస్టారు:
ఫ్లోరైడ్, నైట్రేట్‌లకి శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలమ్మా, ఆ నీళ్లతోనే రెండు మూడుసార్లు తొలిచి పట్టు. క్రిముల పరీక్షకి ల్యాబ్ వాళ్లిచ్చే సీసానే వాడు, దాన్ని తొలవకు. ఐసులో పెట్టి అదే రోజు చేర్చు.