ఇంటి నుంచి కోళ్ల షెడ్డుకు వైఫై: డీబీఐ, సీపీఈ, పీఓఈ అంటే ఏంటి?

నర్సంపేట_కోళ్లఫారం:
మా ఇంటి నుంచి షెడ్డు ముప్పావు కిలోమీటరు దూరం. ఇంట్లో ఫైబర్ ఉంది, షెడ్డు దగ్గర కెమెరాలు పెట్టాలి. హన్మకొండలో ఒక షాపాయన "12 డీబీఐ యాంటెన్నా రౌటర్‌కు తగిలించు, ఊరంతా వస్తది" అన్నాడు. ఇంకో షాపులో "సీపీఈ జత తీసుకో" అన్నారు. ఎవరి మాట వినాలి? ఈ పేర్లేంటో జర అర్థమయ్యేలా చెప్పండన్నా.

కాజీపేట_కేబుల్:
తమ్మీ, మొదటి షాపాయనను పక్కన పెట్టు. యాంటెన్నా పవర్ పుట్టించదు. రౌటర్ ఇచ్చిన పవర్‌నే ఏ దిక్కుకు ఎంత గట్టిగా పంపుతుందో చెప్పే లెక్కే గెయిన్, దాన్నే డీబీఐలో చెప్తారు. 3 పెరిగితే ఆ దిక్కున రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు.

చుట్టూ పంపే యాంటెన్నాను ఓమ్ని అంటారు. జొన్నపిండి ముద్దను ఒత్తితే వెడల్పు పెరుగుతుంది, మందం తగ్గుతుంది, పిండి మాత్రం అంతే కదా. ఓమ్నిలో డీబీఐ పెరిగినా అంతే. టవర్ ఎక్కించిన పెద్ద ఓమ్ని దూరపు ఇళ్లకు అంది, కిందున్న ఇంటికి అందకపోవడం అందుకే.

నీకు ఒక్క దిక్కు చాలు. సీపీఈ డబ్బాలో రేడియో, ఒకే వైపు చూసే యాంటెన్నా రెండూ కలిసే ఉంటాయి. ఇంటిమీద దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (నెట్ ఇచ్చేది), షెడ్డు దాన్ని క్లయింట్ మోడ్‌లో (నెట్ అందుకునేది) పెట్టుకో.

పరకాల_పత్తిచేను:
అదంతా సరే, మధ్యలో ఏమున్నాయి? మేం ఎండాకాలంలో బిగించినం, బ్రహ్మాండంగా నడిచింది. వానలు పడి గట్టు మీది టేకుచెట్లు ఆకు తొడిగాయి, కెమెరా బొమ్మ ఆగి ఆగి రావడం మొదలైంది. తడి ఆకు సిగ్నల్‌ను బాగా తాగేస్తుంది.

సుబేదారి_నెట్‌వర్క్:
కంటికి కనిపిస్తే చాలదు కూడా. సిగ్నల్ దారి చుట్టూ ఫ్రెనెల్ జోన్ అని కొంత ఖాళీ ఉండాలి. ముప్పావు కిలోమీటరుకు 5.8 గిగాహెర్ట్జ్‌లో సరిగ్గా మధ్యన అది దాదాపు 3 మీటర్ల వ్యాసార్థం, 2.4లో దాదాపు 5 మీటర్లు. అందులో 60 శాతమైనా అడ్డు లేకుండా చూసుకోండి.

పరకాల_పత్తిచేను:
మరి చెట్లుంటే 2.4 మేలంటారు కదా?

సుబేదారి_నెట్‌వర్క్:
ఆకుల్లోంచి కొంచెం మేలే. కానీ హన్మకొండ లాంటి చోట పక్కింటి రౌటర్లన్నీ అందులోనే ఉంటాయి. పొలాల్లో ఆ రద్దీ తక్కువ, ప్రయత్నించవచ్చు. నన్నడిగితే మాత్రం ఇంకో రెండు మీటర్ల పైపు కొని, ఎత్తు పెంచి 5.8లోనే పెట్టండి. ఒక సంగతి, 2.4లో యాంటెన్నా గెయిన్ కలుపుకుని 4 వాట్ల వరకే లైసెన్స్ అక్కర్లేదు.

జనగామ_వైర్‌మ్యాన్:
పీఓఈ అంటే లాన్ వైరులోనే కరెంటు పంపడం. పైకి వేరే కరెంటు వైరు లాగక్కర్లేదు. అడాప్టర్‌కు రెండు రంధ్రాలుంటాయి: పీఓఈ అని రాసింది పైనున్న డబ్బాకు, లాన్ అని రాసింది రౌటర్‌కు. తారుమారు చేస్తే రౌటర్ పోర్టు కాలే ప్రమాదముంది. కొన్ని 24 వోల్టులవి, కొన్ని 48 వోల్టులవి, లేబుల్ చూడకుండా మార్చి వాడొద్దు.

విడిగా యాంటెన్నా కొనేవాళ్లు కనెక్టర్ చూసుకోండి. ఎస్ఎంఏ, ఆర్‌పీ-ఎస్ఎంఏ అని రెండు రకాలుంటాయి, రెండింటికీ మర ఒకటే. ఒకదానికి నడుమ సూది, ఇంకోదానికి రంధ్రం. రంధ్రానికి రంధ్రం ఎదురైతే మర నున్నగా బిగుస్తుంది, సిగ్నల్ మాత్రం రాదు.

నర్సంపేట_కోళ్లఫారం:
సీపీఈ జతే తీసుకుంటా. సిగ్నల్ ఎంత రావాలి?

కాజీపేట_కేబుల్:
మైనస్ అంకె కనిపిస్తుంది, సున్నాకు దగ్గరైనకొద్దీ మంచిది. మైనస్ 60 దగ్గరుంటే ఢోకా లేదు, మైనస్ 80 అయితే తిప్పలే. ఒకరు డబ్బాను మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు ఫోన్‌లో అంకె చదవాలి. ఇంతకీ షెడ్డు రేకులదా?

నర్సంపేట_కోళ్లఫారం:
రేకులదే అన్నా.

కాజీపేట_కేబుల్:
అయితే లోపల పెట్టకు, రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. రేకుల కన్నా పైకి వచ్చేలా పైపు వెల్డింగ్ చేయించు, ఎర్తింగ్ మరవకు.