అప్‌డేట్: తమ్ముడి పైలట్ శిక్షణపై మా నిర్ణయం

ఇంటర్ ముగించిన మా తమ్ముణ్ణి పైలట్ శిక్షణకు పంపవచ్చా, ఆ ఉద్యోగం చివరిదాకా నిలుస్తుందా అని లోగడ కర్నూలు నుంచి అడిగినది నేనే. మీరు సూచించినట్లు, శిక్షణ ఫీజుకు అప్పు మాట ఎత్తకముందే, పైలట్‌కు తప్పనిసరైన క్లాస్ 2 (ప్రాథమిక), ఆపై క్లాస్ 1 (కమర్షియల్ లైసెన్సుకు కావలసిన) వైద్య పరీక్షలు చేయించాము, అర్హుడయ్యాడు. అయితే 200 గంటలు ఎగిరి కమర్షియల్ లైసెన్సు పొందినా, ఎయిర్‌బస్ ఏ320 వంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత) వేరుగా కావాలి, కెప్టెన్‌కు అవసరమైన పై స్థాయి లైసెన్సు ఏటీపీఎల్‌కు 1500 గంటలు ఎగిరి ఉండాలి, 65 ఏళ్లకు ఆ కొలువు ముగుస్తుంది, నడుమ ఎప్పుడు వైద్య పరీక్షలో తప్పినా విమానం నడపనివ్వరు. 2020లో కరోనా వేళ పైలట్ల జీతాలకు కోతపడిన సంగతి నాన్నగారు మరువలేదు. అందువల్ల ఓర్వకల్లు దగ్గరి పొలం అమ్మే ఆలోచన మానుకున్నాము (విమానాశ్రయం వచ్చాక ధర పెరిగిందని పెదనాన్న ఊరిస్తూనే ఉన్నారు). తమ్ముడు డిగ్రీలో చేరి, డీజీసీఏ (దేశ విమానయాన నియంత్రణ సంస్థ) పెట్టే పైలట్ రాత పరీక్షలు గట్టెక్కాకే ఎగిరే శిక్షణకు ఫీజు కడతాము.