నీరుకట్టె అంటే ఏ పాము?

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో వానలు పడితే మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి పాములొస్తాయి. ఇక్కడ అందరూ 'తణ్ణి పాంబు' (తమిళంలో నీటిపాము) అని వదిలేస్తారు. మా అత్తయ్య 'నీరుకట్టె, దానికి విషముండదు' అంటుంది. రెండూ ఒకటేనా? పిల్లలతో టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కా, రెండు పేర్లూ పాము తిరిగే చోటును చెప్తాయి, జాతిని కాదు. చిక్కంతా అక్కడే. 'విషముండదు' అని మనవాళ్ళు ఎక్కువగా అనేది ఒంటి మీద గళ్ళున్న నీరుకట్టె గురించి. చెరువుల్లో, వరి మళ్ళలో తరచుగా కనబడేది అదే. కంటి కింద ఏటవాలుగా రెండు నల్లగీతలుంటాయి. బెదిరితే మెడ వెడల్పు చేసి తల ఎత్తుతుంది. అది చూసి తాచు అనుకుని కొట్టి చంపేస్తారు, పాపం. కరవడానికి మాత్రం వెనకాడదు, రక్తం వస్తుంది, కానీ ప్రాణాపాయం లేదు.

ఇంకో నీటిపాముంది, ఎన్‌హైడ్రిస్ ఎన్‌హైడ్రిస్ అని దాని శాస్త్రీయ నామం. తూర్పు భారతం నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది. నున్నని పొలుసులు, చిన్న తల, పైకి చూస్తున్నట్టుండే చిన్న కళ్ళు. దీనికి కొద్దిపాటి విషముంది. కోరలు నోటి వెనక భాగంలో ఉంటాయి. ఆ విషం చేపల్ని పట్టడానికి, మనిషికి దాంతో పెద్ద ప్రమాదం లేదు. ముప్పంతా మన నుంచి దానికే. కంబోడియాలో తోన్లే సాప్ సరస్సు దగ్గర ఏటా లక్షల కొద్దీ నీటిపాముల్ని పట్టి మొసళ్ళ ఫారాలకు మేతగా అమ్ముతారు. వాటిలో ఇది చాలా ఎక్కువ.

మీ అత్తయ్యగారి మాట పామును కొట్టకుండా ఆపితే మంచిదే. అది విని పిల్లలు చేత్తో పట్టుకోకూడదు. నాగుపాము, రక్తపింజర కూడా ఈదుతాయి కదా, నీళ్ళలో కనబడిందల్లా నీరుకట్టె కాదు. ఏది కరిచిందో తెలియకపోతే నేరుగా ఆస్పత్రికే వెళ్ళాలి.

ఇంకొక జవాబు: చెన్నై దగ్గరే వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళర్ల (పాములు పట్టే గిరిజనులు) సహకార సంఘం పాముకాటు మందు తయారీకి విషం తీసేది నాలుగు పాముల నుంచే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. నీటిపాములు ఆ లెక్కలోకే రావు. గోదావరి, శ్రీకాకుళం వైపువాళ్ళు పై జవాబులోని ఎన్‌హైడ్రిస్ పామును ఏమంటారో రాయండి. వలల్లో దాన్ని చూసే జాలర్లు వేరే పేరు పెట్టే ఉంటారు.